మీకు తెలుసా? మాంసకృత్తులకు ఆకాశగమనము

పంచదారను నిప్పుల సెగపై నుంచినచో ఆవిరి గాక మాడి బొగ్గగునట్లే, మాంసకృత్తుల వంటి బృహదణువులును వేడిమి సోకినంతనే ఛిన్నాభిన్నములగునే గాని వాయురూపమును దాల్చవు. కావుననే, వాయుస్థితియందలి అణువులను మాత్రమే తూచగల మాస్ స్పెక్ట్రోమీటరునకు అవి చిరకాలము కొరుకుడుపడలేదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయాచార్యుడు జాన్ ఫెన్, 70 ఏండ్లు దాటిన వయస్సున, 1988 ప్రాంతమున, ఈ చిక్కును వేడిమితో గాక విద్యుత్తుతో విడదీసెను.

మాంసకృత్తు కలసిన ద్రావణమును మిగుల సన్నని సూదిగొట్టమున పంపి, దానికి కొన్ని వేల వోల్టుల విద్యుత్తు నొసగినచో, మొనయందలి ద్రవము శంకువుగా సాగి, విద్యుదావేశము గల తుంపురులను చిమ్మును. ఎదురువచ్చు పొడి నత్రజనివాయువు తాకిడికి అవి ఇంకి చిన్నవగుకొలది, లోపలి సజాతీయావేశముల పరస్పర వికర్షణ దుస్సహమై, తుంపురులు పగిలి, మఱల పగిలి, తుదకు ద్రావకమంతయు తొలగగా మాంసకృత్తు చెక్కుచెదరక గాలిలో నిలుచును.

అసలు చమత్కారము వేఱొకటి కలదు. ఒక్కొక్క అణువు పెక్కు ఆవేశములను మోయుటచే, 40,000 అణుభారము గలది 40 ఆవేశములతో వచ్చినపుడు యంత్రమునకు సుమారు 1,000గానే తోచును. కనుక సామాన్యయంత్రములే చాలెను. విద్యుత్తుతో తుంపురులను చిమ్మించు ఈ యూహకు బీజము 1968లో మాల్కమ్ డోల్ అను శాస్త్రజ్ఞుడు వేసినదే యని చెప్పుట న్యాయము. 2002లో, 85వ యేట, ఫెన్ నోబెల్ బహుమతిని మఱొక శాస్త్రజ్ఞుడగు కర్ట్ వూత్రిక్‌తోను, లేజరు కిరణముతో మాంసకృత్తులను గాలిలోనికి లేపిన కోయిచి తనాకాతోను పంచుకొనెను. ఈ తనాకా అప్పటికి డాక్టరేటు పట్టమైనను లేని యొక జపాను ఇంజనీరు.