గాలం పట్టుకుని చెరువుకు వెళ్తున్నారా? ముందు ఆ చేప ఎవరిదో తెలుసుకోండి

శని, ఆదివారాల్లో హైదరాబాద్ నుంచి సాగర్ రోడ్డు మీదో, శ్రీశైలం హైవే మీదో వెళ్లే కార్లలో ఈమధ్య గాలాలు కూడా కనిపిస్తున్నాయి. రాడ్డు, రీలు, దారం, ప్లాస్టిక్ ఎర అన్నీ కలిపి ఆన్‌లైన్‌లో ఒక్క ఆర్డర్‌తో ఇంటికొస్తున్నాయి. ఎలా విసరాలో యూట్యూబ్ చెబుతుంది. ఎక్కడ విసరాలో గూగుల్ మ్యాప్ చూపిస్తుంది: డిండి, నల్గొండ పక్కన పానగల్ ఉదయసముద్రం, దేవరకద్ర దగ్గర కోయిల్‌సాగర్, గద్వాల వైపు జూరాల. అక్కడ గాలం వేయడానికి ఎవరి అనుమతి కావాలన్నది మాత్రం ఈ రెండింట్లోనూ సులభంగా దొరకదు.

సూటిగా చెప్పాలంటే, రాష్ట్రం మొత్తానికి చెల్లే ఒక లైసెన్స్ తీసుకుని ఏ నీళ్లలోనైనా గాలం వేసుకునే పద్ధతి తెలంగాణలో లేదు. చెరువును బట్టి హక్కుదారు మారతారు. ఆ హక్కుదారు ఎవరో కనుక్కోవడమే మీరు చేయాల్సిన మొదటి పని.

విదేశాల్లో ఉండి వచ్చినవారికి ఇది కొంచెం వింతగా ఉంటుంది. ఇంగ్లండ్‌లో ఊరి చివర చిన్న చెరువులో ట్రౌట్ చేపలు వదిలి, రోజుకింత అని టికెట్ పెట్టి గాలం వేయనిస్తారు. అక్కడ రెండు కాగితాలు ఉండాలి. 13 ఏళ్లు నిండినవారెవరైనా ప్రభుత్వ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ దగ్గర రాడ్ లైసెన్స్ తీసుకోవాలి. దాంతోపాటు చెరువు యజమాని ఇచ్చే డే టికెట్ కొనాలి. ఒకటి ఉంది కదా అని రెండోది మానేయడానికి వీల్లేదు. లైసెన్స్ లేకుండా పట్టుబడితే 2,500 పౌండ్ల వరకు జరిమానా పడొచ్చు. మన దేశంలోనూ హిమాచల్‌ప్రదేశ్‌లో ట్రౌట్ నదుల దగ్గర గాలం వేసేవారికి మత్స్యశాఖ లైసెన్స్ ఇస్తుంది. ఆ చేప గుడ్లు పెట్టే నవంబర్ నుంచి ఫిబ్రవరి చివరి దాకా అక్కడ వేట బంద్.

నల్గొండ, పాలమూరు చెరువుల్లో ట్రౌట్ దొరుకుతుందా అని అడిగేవాళ్లూ ఉన్నారు. దొరకదు. ట్రౌట్‌కు 20 డిగ్రీల లోపు చల్లటి నీళ్లు కావాలి. ఎండాకాలం 44 డిగ్రీలు దాటే నల్గొండలో చెరువు నీళ్లు ఆ దరిదాపులకు రావు. రంగారెడ్డి జిల్లా కందుకూరులో ట్రౌట్‌ను పెంచుతున్నమాట నిజమే కానీ, అది ట్యాంకుల్లో నీటిని చల్లబరిచి, శుద్ధి చేసి మళ్లీ మళ్లీ తిప్పే పరిశ్రమ. గాలం వేసే చెరువు కాదు. ఇక్కడి నీళ్లలో మీ గాలానికి తగిలేది రవ్వ, బొచ్చె, బంగారు తీగ, జెల్ల, జిలేబి. అదృష్టం బాగుంటే మన రాష్ట్ర చేప కొర్రమీను.

చెరువు ఊరిది, మరి చేప?

చాలామంది పొరబడేది ఇక్కడే. చెరువు ప్రభుత్వానిది, నీళ్లు అందరివి, కాబట్టి చేప ఎవరు పడితే వారిది అనుకుంటారు. కానీ చేపలు పట్టే హక్కు వేరుగా ఉంటుంది. దాన్ని లీజుకు ఇస్తారు. ఈ జిల్లాల్లో ఎక్కువ చెరువుల మీద ఆ హక్కు ఊళ్లోని మత్స్య పారిశ్రామిక సహకార సంఘానిదే. ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలవారే వీటిలో ఎక్కువగా సభ్యులు. 1964 నాటి సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైన సంఘాలివి. మత్స్యశాఖ అజమాయిషీలోని చెరువులను శాఖే సంఘాలకు లీజుకిస్తుంది. పంచాయతీ చేతిలో ఉన్న చిన్న కుంటల సంగతి పంచాయతీ చూసుకుంటుంది.

1897 నాటి ఇండియన్ ఫిషరీస్ యాక్ట్ దీన్ని బాగా విడమరిచింది. ఒక వ్యక్తి సొంత నీళ్లే కాదు, లీజు ద్వారానైనా సరే, ప్రస్తుతానికి చేపలు పట్టే ప్రత్యేక హక్కు ఒకరికి ఉన్న నీళ్లు కూడా 'ప్రైవేటు నీళ్లే' అంటుంది. ఆనవాయితీగా ఇంకొందరు అక్కడ చేపలు పట్టుకుంటున్నా ఆ హోదా పోదని కూడా చెప్పింది. తెలంగాణ ప్రాంతానికి హైదరాబాద్ సంస్థానం కాలం నుంచే విడిగా మత్స్య చట్టం ఉంది కాబట్టి ఈ నిర్వచనాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ వర్తింపజేయలేం. కానీ మన సంఘాల హక్కును అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా తేలికైన మాట లేదు.

'నేను పట్టేది రెండు చేపలే, వాళ్లకు ఏం తగ్గుతుంది?' అని మీకు అనిపించొచ్చు. సంఘం వైపు నుంచి చూడండి. వానలకు చెరువు నిండాక చేప పిల్లలను వదులుతారు. 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న పిల్లలు వేలెడంత కూడా ఉండవు. ఎండాకాలం ఎండిపోయే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్లవి, ఏడాదంతా నీళ్లుండే వాటికి 80 నుంచి 100 మిల్లీమీటర్లవి ఇస్తారు. అవి కిలో బరువు వచ్చేదాకా నెలల తరబడి ఆగాలి. దొంగ వలలు పడకుండా సభ్యులు వంతులవారీగా రాత్రిళ్లు కట్ట మీద కాపలా పడుకుంటారు. నీళ్లు తగ్గే ఎండాకాలంలో, మృగశిర కార్తెకు చేప ధర పెరిగే ముందు, అందరూ కలిసి వల లాగి డబ్బు పంచుకుంటారు. కొన్ని కుటుంబాలకు ఆ ఒక్క పంటే ఏడాది ఆదాయం. సిటీకి దగ్గరగా ఉన్న చెరువు మీద ప్రతి ఆదివారం ఇరవై గాలాలు పడితే అది రెండు చేపల లెక్క కాదు. కట్ట మీద మిమ్మల్ని ఎవరైనా గట్టిగా నిలదీస్తే ఈ లెక్క గుర్తుంచుకోండి. వాళ్లు అడ్డుకుంటున్నది వాళ్ల పంటను.

కొర్రమీను పిల్లలను సంఘం వదలలేదు కదా, అది సహజంగా పెరిగిందే కదా అనే వాదన కూడా వినిపిస్తుంది. చెల్లదు. లీజు చెరువులోని చేపల వేట మొత్తానికి ఉంటుంది, రకాన్ని బట్టి కాదు. 'పట్టి, ఫొటో దిగి వదిలేస్తాం' అన్నా అనుమతి అవసరమే.

అనుమతి అడగడం కష్టమేమీ కాదు. కట్ట దగ్గర మేకలు కాసే మనిషినో, టీ కొట్టులోనో 'అన్నా, ఈ చెరువు ఏ సంఘం కింద ఉంది? అధ్యక్షుడు ఎవరు?' అని అడిగితే చెబుతారు. ఫోన్ చేసి ఎంతమంది వస్తున్నారో, ఎన్ని గాలాలో చెప్పండి. డబ్బులు అడిగితే రసీదు అడగండి. సంఘం రిజిస్టరైన సంస్థ కాబట్టి రసీదు ఇవ్వడం వాళ్లకూ మంచిదే. పట్టిన చేపను ఇంటికి తీసుకెళ్లాలనుకుంటే కిలోకు ఎంతో ముందే మాట్లాడుకోండి. వద్దంటే తిరిగి రావడమే. ఎక్కువమంది వద్దనేది ఎండాకాలంలో, వల లాగే రోజుల ముందు.

పెద్ద జలాశయాల్లో

ఇక్కడ పద్ధతి వేరు. మొత్తం నీటిని ఒక సంఘానికి కట్టబెట్టకుండా, వల, పుట్టి పెట్టుకుని వేటాడే మత్స్యకారులకు మత్స్యశాఖ లైసెన్స్‌లు ఇస్తుంది. 'ఫిషింగ్ లైసెన్స్ తెలంగాణ' అని వెతికితే కనబడే సమాచారంలో ఎక్కువ భాగం దీని గురించే. ఇది బతుకుదెరువు కోసం ఇచ్చే కాగితం, వీకెండ్ టికెట్ కాదు. మీకు జలాశయం మీద గడపాలని ఉంటే నాకు తెలిసి మేలైన దారి, లైసెన్స్ ఉన్న స్థానిక మత్స్యకారుడితో మాట్లాడుకుని వెళ్లడం. దేవరకొండ దాటి నేరేడుగొమ్ము మండలంలో సాగర్ వెనక జలాల ఒడ్డున ఉన్న వైజాగ్ కాలనీకి ఇప్పటికే వారాంతాల్లో జనం చేపల కోసమే వెళ్తున్నారు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చి స్థిరపడ్డ మత్స్యకారుల వల్లే ఆ ఊరికి ఆ పేరు. జూరాల దగ్గరైతే గాలం లేకపోయినా పర్వాలేదు, డ్యామ్ పక్కన వేడివేడిగా వేయించి ఇస్తారు.

గుడ్లు పెట్టే కాలం కాబట్టి జూలై, ఆగస్టు నెలల్లో జలాశయాల్లో వేటకు విరామం ఉంటుంది. టీవీలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు నిషేధం అని విని దీంతో కలిపేయకండి. అది ఆంధ్రప్రదేశ్ సముద్ర తీరానిది.

అసలు వెళ్లకూడని చోటు ఒకటుంది. నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో విస్తరించిన అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. ఈగలపెంట వైపు కృష్ణ ఒడ్డు ఎంత అందంగా కనబడినా అటవీశాఖ అనుమతి లేకుండా గాలం వేస్తే కేసు మత్స్య చట్టం కింద కాదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పడుతుంది. ఆ చట్టం దృష్టిలో చేప కూడా జంతువే.

ఏ గొడవా వద్దనుకుంటే సిటీ శివార్లలోని ప్రైవేటు ఫామ్ చెరువులు ఉన్నాయి. చెరువూ చేపా యజమానివే కాబట్టి ఆయన అనుమతి చాలు. గంటల లెక్కన తీసుకుంటారా, గాలం లెక్కనా, పట్టిన చేప కొనాల్సిందేనా అన్నది డబ్బు కట్టకముందే అడగండి.

ఎవరిని అడగాలి?

సంఘం జాడ దొరక్కపోతే జిల్లా మత్స్యశాఖ అధికారి కార్యాలయంలో అడగాలి. ఏ చెరువు ఎవరికి లీజులో ఉందో అక్కడ రికార్డు ఉంటుంది. అయితే ఏ జిల్లా ఆఫీసు అన్నది చూసుకోండి. 2016లో జిల్లాలు విడిపోయాక పాత లెక్క పనికిరాదు. జూరాల ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు జోగులాంబ గద్వాల. సరళాసాగర్ వనపర్తిలోకి, సోలిపేట దగ్గరి మూసీ ప్రాజెక్టు సూర్యాపేటలోకి వెళ్లాయి. డిండి నల్గొండలోనే ఉంది. హైదరాబాద్‌లో అయితే శాంతినగర్‌లోని మత్స్య భవన్. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పక్కన చేప ఆకారంలో కనిపించే పెద్ద భవనానికి మాత్రం వెళ్లకండి. అది కేంద్రానికి చెందిన జాతీయ మత్స్య అభివృద్ధి మండలి, అక్కడ గాలానికి అనుమతులు ఇవ్వరు.

అనుమతి దొరికాక ఇంకొన్ని జాగ్రత్తలున్నాయి. పట్టి వదిలేసేవారు ఎండాకాలం మధ్యాహ్నాలు మానుకోవడం మంచిది. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది, పెనుగులాడి అలసిన చేప వదిలినా బతకడం కష్టం. చేతులు తడుపుకుని పట్టుకోండి, పొడి చేయి తగిలితే ఒంటి మీది జిగురు పొర పోతుంది. ఇంట్లో అక్వేరియంలో పెరిగిపోయిన చేపను తెచ్చి చెరువులో వదలకండి. అక్వేరియం అద్దాలకు అతుక్కుని ఉండే సక్కర్ చేప చెరువులో పడితే దాని ముళ్లకు వలలు చిరిగిపోతాయి. మూసీ ప్రాజెక్టుకు వచ్చేది హైదరాబాద్ మురుగును మోసుకొచ్చే నది నీరు, అక్కడ పట్టింది వండుకునే ముందు ఆలోచించండి.

కట్ట మీద నిలబడేటప్పుడు పైకి ఒకసారి చూడండి. చాలా చెరువుల మీదుగా కరెంటు తీగలు వెళ్తాయి. ఇప్పుడు అమ్ముతున్న కార్బన్ ఫైబర్ రాడ్లలో కరెంటు పారుతుంది, వాటిని ఎత్తి విసిరేటప్పుడు తీగకు దగ్గరైనా ప్రమాదమే. డ్యామ్ గేట్ల దిగువన రాళ్ల మీద కూర్చోవద్దు, పైన వాన పడితే ఇక్కడ ఎండగా ఉన్నా గేట్లు ఎత్తుతారు. పిల్లలను తీసుకెళ్తే గాలం కన్నా ముందు లైఫ్ జాకెట్ కొనండి. పూడిక తీసిన చెరువుల్లో ఒడ్డు నుంచి రెండడుగులు వేసేసరికి నిలువెత్తు గుంత ఉండొచ్చు, పైనుంచి చూస్తే తెలియదు.