మొదటి ముద్దలో చేదు

పంచాంగంలో పాడ్యమి ఏ రోజున పడినా, అమెరికాలో ఉగాది మాత్రం హాలు దొరికిన శనివారమే వస్తుంది. వరసలో నిలబడ్డ పిల్లల చేతికి చిన్న కాగితం కప్పులో పచ్చడి అందుతుంది. మెక్సికో మామిడి ముక్కలు, బెల్లం, చింతపండు పులుసు, అరటిపండు, ఒక్కోచోట జీడిపప్పూ కిస్‌మిస్సూ కూడా ఉంటాయి. వేపపువ్వు మాత్రం పక్కన చిన్న గిన్నెలో ఉంటుంది, కావలసినవాళ్లు వేసుకోవచ్చని. ఆ గిన్నె దగ్గర ఆగేవాళ్లంతా అరవై దాటినవాళ్లే.

షడ్రుచుల పచ్చడి ఇలా ఐదు రుచులకు దిగిపోవడం చూస్తే పెద్దవాళ్లకు దిగులేస్తుంది. తెలంగాణ ఇళ్లలో గ్లాసులో పోసుకు తాగే పచ్చడైనా, కోస్తాలో చెంచాతో తినే పచ్చడైనా ఏడాదికి ఒక్కసారి చేసేదే కాబట్టి దాని సంగతి ఎలాగో సర్దుకోవచ్చు. అసలు పోయింది రోజువారీ భోజనంలో చేదుకు ఉండిన చోటు. తెలుగిళ్లలో చేదు ఉండేది మందుల అలమరలో కాదు, వంటింట్లో. కాకరకాయ, మెంతికూర, మెంతులు, వేపపువ్వు, ఉస్తికాయలు, ఆదొండకాయలు కూరలోనో, పొడిలోనో, చారులోనో, వరుగుల్లోనో తగులుతూనే ఉండేవి. కొంచెమే తినేవాళ్లు. అన్నంతో తినేవాళ్లు. చాలా ఇళ్లలో మొదటి ముద్దలోనే తినేవాళ్లు. ఈ సంచిక తిరగేసే పిల్లలకు ఈ మూడు సంగతులైనా తెలియాలి.

ఆయుర్వేదం రుచులను ఆరుగా లెక్కపెట్టింది: తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు. చేదు గురించి చరక సంహిత ఒక చమత్కారమైన సంగతి చెబుతుంది. చేదు తనకు తానుగా ఎవరికీ రుచించదట, కానీ ఏదీ రుచించని నోటిని బాగుచేసేది అదేనట. జ్వరం తగ్గి నోరు చప్పబడ్డవాళ్లకు పథ్యంలో కాకరకాయ పెట్టిన అమ్మమ్మలు చరకుణ్ణి చదివినవాళ్లు కారు, కానీ చేసింది ఆ పనే. ఉగాది నాటి వేపపువ్వుకూ పెద్దలు ఒక కారణం చెప్పేవాళ్లు. చలి పోయి ఎండ ముదిరే ఆ రోజుల్లోనే ఊళ్లో అమ్మవారు పోసేది, ఆకలి మందగించేది, వేప పూసేది. అందుకే పూసిన కాలంలో దాన్ని తినమన్నారని వాళ్ల మాట.

ఇది మన ఒక్కరి సొత్తు అనుకోనక్కర్లేదు. బెంగాలీలు మధ్యాహ్న భోజనం చేదుతోనే మొదలుపెడతారు. వాళ్ల శుక్తోలో కాకరకాయ పడాల్సిందే. వసంతంలో లేత వేపాకును వంకాయతో వేయించుకుని తింటారు. తమిళుల ఇంట వేపపువ్వు రసం ఉంది. జపాన్ దక్షిణాన ఒకినావా దీవుల్లో కాకరకాయను గోయా అంటారు, టోఫు, గుడ్డు కలిపి వేయిస్తారు. ఇటలీ వాళ్లకు భోజనానికి ముందు చేదు పానీయం పుచ్చుకునే అలవాటుంది. వెనెజులాలో అంగోస్తూరా అనే ఊరుండేది. 1824లో అక్కడ సీగర్ట్ అనే జర్మన్ సైనిక వైద్యుడు కడుపు బాగోని సైనికుల కోసం చేదు మూలికలతో ఒక అరకు తయారుచేశాడు. అది ఆ ఊరి పేరుతోనే ఇప్పటికీ సీసాల్లో అమ్ముడవుతోంది. యూదులు పాసోవర్ పండగనాడు చేదు ఆకులు తింటారు. అది కడుపు కోసం కాదు, ఈజిప్టులో తమ పూర్వులు పడిన బానిస బతుకుకు గుర్తుగా. పండగ పళ్లెంలో చేదు పెట్టుకునే జాతి మనదొక్కటే కాదన్నమాట.

ఈ వ్యాసకర్త పెరిగింది తెనాలి దగ్గర కాలవ గట్టు పల్లెలో, 1950ల చివర, 60ల మొదట్లో. ఇంటి ముందు పెద్ద వేపచెట్టు. చైత్రం వచ్చేసరికి దాని కింద నేల తెల్లబడేది. నాయనమ్మ తెల్లవారుజామునే లేచి చెట్టు కింద ఊడ్చి, తాతయ్య పాత పంచెలు రెండు కలిపి కుట్టిన దుప్పటి పరిచేది. కోసిన పువ్వు ఆవిడకు పనికిరాదు, రాలిన పువ్వే కావాలి. మనవలు కొమ్మలు ఊపబోతే "ఒరేయ్, అది ఇచ్చింది తీసుకుంటే చాల్లే, చెట్టును పీడించకండి" అని కేకలేసేది. ఎండ ముదరకముందే దుప్పటి ఎత్తి, పువ్వును చాటలో పోసి, పుల్లలూ చీమలూ పోయేలా చెరిగేది. నీడన నులకమంచం మీద ఆరబెట్టి, గలగలమన్నాక జాడీకెత్తి, మూతికి గుడ్డ కట్టేది. ఆవకాయ, మాగాయ జాడీలకు కాపలా ఉండేది గానీ దీనికి అక్కర్లేదు. పిల్లలెవరూ దాని మూత తీసిన పాపాన పోలేదు.

వారానికో రోజు, పండగ వెళ్లిన మర్నాడైతే తప్పకుండా, ఆ జాడీ కిందికి దిగేది. ఇనప మూకుట్లో చెంచాడు నెయ్యి, గుప్పెడు పువ్వు, సన్నని సెగ. పువ్వు కాఫీగింజ రంగు తిరిగేసరికి వంటింట్లోంచి కమ్మటి వాసన వచ్చేది, తెలియనివాళ్లు ఏదో పిండివంట అనుకునేంత. అక్కడే మోసం. పిల్లలంతా పీటల మీద వరసగా కూర్చునేవాళ్లు. నాయనమ్మ వేడన్నంలో ఉప్పూ, వేయించిన పువ్వూ వేసి నలిపి, నిమ్మకాయంత ముద్దలు చేసి, ఒక్కొక్కరి చేతిలో పెట్టేది. "ముందు ఇది తిను నాన్నా, తర్వాత నీ ఇష్టం." ఆ ముద్ద అయ్యేదాకా పప్పు గిన్నె అటు కదిలేది కాదు.

బాబాయి కొడుకు ఒకడు ముద్దను పీట కిందికి తోసేసి, తిన్నట్టు దవడలు ఆడించేవాడు. పిల్లి వచ్చి వాసన చూసి తన దారిన తాను పోయేది. పీటలెత్తేటప్పుడు దొంగతనం బయటపడేది. ఆవిడ తిట్టలేదు, కొట్టలేదు. రాత్రి భోజనంలో వాడికి రెండు ముద్దలు పెట్టింది.

సంక్రాంతి సంగతి వేరు. మూడు రోజులు అరిసెలూ, బూరెలూ, గారెలూ ఎడాపెడా లాగించాక ఇంట్లో సగం మందికి పుల్లటి త్రేన్పులు, కడుపు ఉబ్బరం. కనుమ వెళ్లిన మర్నాడు పొయ్యి మీద ఒకటే వంట: వేపపువ్వు చారు. చింతపండు పల్చగా పిసికి, మిరియాలూ జీలకర్రా దంచి వేసి, పొంగు రాగానే దించేసి, నేతిలో వేయించిన పువ్వు పైన వేసేది. ముందే వేసి మరిగిస్తే చారంతా చేదు విషమవుతుందనేది. తాతయ్య గ్లాసుతో అలాగే తాగేసి, అరుగు మీద నడుం వాల్చి, "ఇప్పుడు కడుపు కడుపులా ఉంది" అనేవాడు. పట్నం నుంచి వచ్చిన అల్లుడిగారిని మాత్రం ఆవిడ బలవంతపెట్టలేదు. ఆయనకు గోలీ సోడా తెప్పించారు.

ఎందుకు తినాలని అడిగితే నాయనమ్మ దగ్గర ఉన్న జవాబు ఒకటే: "అరుగుదలకి మంచిది." ఈనాటి పిల్లలకు ఆ జవాబు చాలదు. ఎలా మంచిదని అడుగుతారు, అడగాలి కూడా.

రష్యన్ శాస్త్రవేత్త పావ్‌లోవ్‌కు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది జీర్ణవ్యవస్థ మీద చేసిన పనికే. తిండి కడుపులో పడకముందే, నోటికి తగలగానే, జఠర రసం ఊరడం మొదలవుతుందని ఆయన కుక్కల మీద ప్రయోగాలు చేసి చూపించాడు. భోజనం మొదట్లో ఘాటైన రుచి ఒకటి తగలాలనే పాత ఆచారానికి ఇక్కడ కొంత ఆధారం దొరుకుతుంది. చేదు తగిలితే నోట్లో లాలాజలం ఊరడం ఎవరైనా గమనించుకోవచ్చు. ఇక చేదును పసిగట్టే గ్రాహకాలు మనిషికి సుమారు 25 రకాలున్నాయి. చెట్లలో, ఆకుల్లో ఉండే విషాలు చాలావరకు చేదుగానే ఉంటాయి గనక శరీరం ఇంత పకడ్బందీగా కాపలా పెట్టుకుంది. ఈ గ్రాహకాలను 2000 సంవత్సరంలో గుర్తించారు. అవి నాలుక మీదే కాదు, జీర్ణకోశంలోనూ ఉన్నాయని 2002లో తేలింది. పేగుల్లో వాటికి చేదు తగిలితే ఆకలినీ, కడుపు ఖాళీ అయ్యే వేగాన్నీ అదుపుచేసే హార్మోన్లు కదులుతాయి. మనుషుల మీద జరిగిన పరీక్షలు చిన్నవి, అన్నిటి ఫలితాలూ ఒకేలా లేవు. కాబట్టి వేపపువ్వు అజీర్తికి మందని ఏ డాక్టరూ చీటీ రాసివ్వడు. భోజనంలో భాగమని మాత్రమే అనుకోవాలి.

మెంతుల కథ కొంచెం గట్టిది. 100 గ్రాముల మెంతుల్లో సుమారు 25 గ్రాములు పీచే. నీళ్లలో నానితే జిగురుగా ఉబ్బేది ఆ పీచే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు మధుమేహం ఉన్నవాళ్లకు మెంతిపొడి ఆహారంలో కలిపి పెట్టి, రక్తంలో చక్కెర తగ్గడం గమనించి, 1990లో ఆ ఫలితాలు ప్రచురించారు. పోపులో రెండు మెంతి గింజలు వేయడానికీ ఆ మోతాదుకూ పోలిక లేదు. ఆ ప్రయోగంలో ఇచ్చింది రోజుకు 100 గ్రాముల మెంతిపొడి.

"మా పిల్లవాడు చేదు ముట్టడండీ" అనే తల్లిదండ్రులకు రెండు సంగతులు చెప్పాలి. చేదు అందరికీ ఒకేలా తగలదు. 1931లో అమెరికాలో డ్యూపాంట్ ప్రయోగశాలలో ఆర్థర్ ఫాక్స్ చేతిలోని ఒక పొడి గాల్లోకి లేచింది. పక్కనున్నాయన నోరంతా చేదన్నాడు, ఫాక్స్‌కు ఏమీ తెలియలేదు. ఆ తేడాకు జన్యువు కారణమని తర్వాత రుజువైంది. అన్న ఇష్టంగా తిన్న కాకరకాయను చెల్లెలు ఉమ్మేస్తే అది పెంకితనమే కానక్కర్లేదు. రెండోది, కొత్త రుచి పిల్లలకు అలవాటు కావడానికి ఎనిమిది నుంచి పదిహేను సార్లు పెట్టి చూడాల్సి రావచ్చని పిల్లల పోషకాహార నిపుణులు చెబుతారు. "తినగ తినగ వేము తియ్యనుండు" అని వేమన చెప్పిందీ ఇదే, లెక్క చెప్పలేదంతే. ఒక్కసారి పెట్టి "వీడు తినడు" అని తేల్చేయడం పిల్లల తప్పు కాదు.

అసలు పిల్లలు చేదు తినరన్నది కూడా పూర్తిగా నిజం కాదు. కాకరకాయ అంటే మొహం తిప్పుకునే పిల్లలే కాలేజీకి వెళ్లగానే పాలు లేని కాఫీ తాగుతారు, మాచా తాగుతారు, ఎనభై శాతం కోకో ఉన్న చాక్లెట్ కొరుకుతారు, సలాడ్‌లో ఎర్ర రాడికియో ఏరుకుని తింటారు. చేదు మీద వాళ్లకు పగ లేదు. ఇంట్లో దాన్ని పరిచయం చేసేవాళ్లే తగ్గిపోయారు. పెద్దవాళ్లూ తక్కువ తినలేదు. వంటింట్లో కాకరకాయ మానేసి, కాకర మాత్రలు సీసాలకు సీసాలు తెప్పించుకుంటున్నారు. మాత్ర నాలుకకు తగలకుండా గొంతు దిగిపోతుంది, నోరూరే పని దానితో జరగదు. వేయించిన నాలుగు ముక్కలు అన్నంలో కలుపుకుంటే పోయేదానికి ఇంత ఖర్చెందుకో తెలియదు.

జాగ్రత్తలూ చెప్పాలి. ప్రతి చేదూ మంచిది కాదు. సొరకాయ చేదుగా ఉంటే అది మంచి చేదు కాదు, కుకుర్బిటాసిన్ అనే విషం. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదు సొరకాయ రసం తాగి చనిపోయారు. ముక్క కొరికి చూసి, చేదుంటే పారేయాల్సిందే. పిల్లలకు మాటలు బాగా వస్తాయని మన ఇళ్లలో వస అరగదీసి నాకించేవాళ్లు, వసపిట్ట అనే మాట అందరికీ తెలుసు. కానీ వసను ఆహారంలో వాడటాన్ని అమెరికా ప్రభుత్వం 1968లోనే నిషేధించింది. పసిపిల్లల నోట్లో వేపనూనె పోయడం ప్రాణాల మీదికి తెస్తుంది. గర్భిణులూ, చక్కెర మందులు వాడేవాళ్లూ వేప, కాకర, మెంతులను మందు మోతాదులో తీసుకునే ముందు డాక్టరుకు చెప్పాలి. కూరలో తినే కాకరకాయ వేరు, పరగడుపున గ్లాసుడు రసం వేరు.

సంతోషించాల్సిన సంగతులూ ఉన్నాయి. డల్లాస్‌లో, న్యూజెర్సీలో తెలుగువాళ్ల పెరళ్లలో వేసవి వచ్చిందంటే కాకర పందిళ్లు లేస్తున్నాయి. వేపచెట్టు మంచుకు తట్టుకోదు, ఉత్తరాది రాష్ట్రాల్లో కుండీలో పెట్టి చలికాలం ఇంట్లో దాచాలి. ఆస్ట్రేలియా ఉత్తరాన వేప ఎంతగా అల్లుకుపోయిందంటే అక్కడి ప్రభుత్వం దాన్ని కలుపుమొక్కగా ప్రకటించింది. ఎండిన వేపపువ్వు మాత్రం ఉగాది ముందు ఇండియన్ స్టోర్లలో పొట్లాలుగా దొరుకుతుంది. గాలి తగలని డబ్బాలో పెట్టుకుంటే ఏడాదంతా వాడుకోవచ్చు.

కాకర వేయాలనుకునే పిల్లలు ఈ పద్ధతి రాసుకోండి. విత్తనం పెంకు మందం, రాత్రంతా నీళ్లలో నానబెట్టాలి. చలి పూర్తిగా పోయి నేల వెచ్చబడ్డాకే పాతాలి, తీగకు పందిరో వలో కట్టాలి. రెండు నెలలకు అటూ ఇటూగా కాయలొస్తాయి. పచ్చగా ఉండగానే కోయాలి, పసుపు తిరిగితే కూరకు పనికిరావు. చక్రాల్లా సన్నగా తరిగి, ఉప్పూ పసుపూ పట్టించి, ఎర్రగా వేయించి, ఎండుమిరపకాయలూ వెల్లుల్లీ నూరిన కారం చల్లితే అయిపోయింది. వేడన్నం, నెయ్యి, కాకరకాయ కారం ముందు. పప్పూ పెరుగూ తర్వాత. ఎన్ని ముక్కలు వేసుకోవాలన్నది ఇంట్లో బేరమాడుకోవచ్చు. నాలుగుతో మొదలుపెట్టినా ఎవరూ కాదనరు.