పాసవుట్ అంటే పట్టా పుచ్చుకోవడమేనా?

"మీరు ఏ ఇయర్ పాసవుటండీ?" 1954లో మొదలైన విజయవాడ ఆంధ్ర లయోలా కాలేజీలో చదివినవాళ్లు గుణదల వైపు ఎక్కడ కలిసినా ముందు ఈ ప్రశ్నే వస్తుంది. ఇక్కడ అందరికీ అర్థమవుతుంది. అమెరికాలో మాత్రం "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019" అంటే, ఆ ఏడు ఎక్కడో స్పృహ తప్పి పడిపోయారనుకుంటారు.

అపోహ: పాసై కాలేజీ నుంచి అవుట్ అయ్యాం కనుక పాసవుట్. రెండు మాటల అర్థాలూ కలుపుకుంటే చాలు.

వాస్తవం: చాలదు. ఇందుకు మన గుణదల కొండే సాక్ష్యం. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మేరీమాత ఉత్సవాలకు వచ్చినవాళ్లు "కొండెక్కి వచ్చాం" అంటారు. 1924లో ఫాదర్ అర్లాటి మరియమాత విగ్రహాన్ని నిలిపిన కొండ అది. అదే ఊళ్లో సాయంత్రం ఒకింట్లో "దీపం కొండెక్కింది" అంటే ఆరిపోయిందని. మాటలు అవే. ఎక్కింది మనిషా, దీపమా అన్నదాన్ని బట్టి అర్థం మారింది. పాస్ అవుట్ కూడా అంతే. మనిషి పాస్ అవుట్ అయితే స్పృహ తప్పినట్టు. టీచరు పేపర్లను పాస్ అవుట్ చేస్తే పంచిపెట్టినట్టు.

అపోహ: చదువు పూర్తయిందనడానికి పాసవుట్ అనడం మనవాళ్లు పుట్టించిన తప్పుడు ఇంగ్లిష్.

వాస్తవం: ఈ నింద అన్యాయం. సైనిక శిక్షణ ముగించుకుని రావడాన్ని బ్రిటిష్ ఇంగ్లిష్‌లో పాస్ అవుట్ అనే అంటారు. డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీలో ఏటా జూన్, డిసెంబరుల్లో జరిగేది పాసింగ్ అవుట్ పరేడే. మనం ఆ మాటను పరేడ్ మైదానం దాటించి డిగ్రీ కాలేజీకి తెచ్చుకున్నాం. ఇక్కడ వాడుకోవడానికి సిగ్గుపడక్కర్లేదు. విదేశీ యూనివర్సిటీకి రాసేటప్పుడు మాత్రం 'గ్రాడ్యుయేటెడ్' అనండి. పరీక్ష గట్టెక్కితే ఉత్త 'పాస్డ్' చాలు, పక్కన అవుట్ వద్దు.

అన్నిటికన్నా నాకు భయం వేసేది 'పాస్డ్ అవుట్'కూ 'పాస్డ్ అవే'కూ మధ్య తడబాటు. రెండోది చనిపోయారని చెప్పే మాట. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిన అమ్మ వంటింట్లో కళ్లు తిరిగి పడిపోతే, 911కు ఫోన్ చేసి చెప్పాల్సింది "షి పాస్డ్ అవుట్" అనే. ఊపిరి ఆడుతోందో లేదో కూడా వెంటనే చెప్పాలి.