బ్రేకు తొక్కితే ఇంజను ఆగుతోందా? రెండింటికీ రోగం ఒకటే కావచ్చు!

విమానాశ్రయం దారి పట్టే పాత కార్ల యజమానులు ఇంటివద్దే చేసుకోగల పరీక్షలు

శంషాబాద్: విదేశం నుంచి వస్తున్న కొడుకునో కూతురినో తీసుకురావడానికి తెల్లవారుజామున పాత కారులో బయలుదేరుతారు. మెహదీపట్నంలో పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే ఎక్కి ఆరాంఘర్‌లో దిగేదాకా బండి బాగానే నడుస్తుంది. శంషాబాద్ దగ్గరపడ్డాక ముందు పోతున్న లారీ నెమ్మదిస్తుంది. బ్రేకు మీద కాలు వేస్తే పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. అదే క్షణంలో ఇంజను రెండుసార్లు వణికి ఆగిపోతుంది. దేవుడి మీద భారం వేసి, బలమంతా కాలిలోకి తెచ్చుకుని తొక్కితే ఎలాగో బండి ఆగుతుంది.

2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాక, ఊళ్లో మెల్లగా తిరిగే కార్లు కూడా ఈ దూరపు దారి పట్టవలసి వచ్చింది. వీధుల్లో బయటపడని లోపం ఇక్కడి వేగంలో బయటపడుతుంది.

ఇలాంటప్పుడు చాలామంది బండికి రెండు రోగాలున్నాయనుకుంటారు. బ్రేకు కోసం లైనింగులు మార్పిస్తారు. ఇంజను కోసం కార్బురేటరు కడిగిస్తారు, ప్లగ్గులు వేయిస్తారు. డబ్బు ఖర్చవుతుంది, లోపం మాత్రం అలాగే ఉంటుంది. ఎందుకంటే ఈ రెంటినీ కలిపేది బొటనవేలంత లావున్న ఒక రబ్బరు గొట్టం.

కాలికి తోడు గాలి

పెట్రోలు ఇంజను గాలిని లోపలికి పీల్చుకుంటుంది. స్లోలో ఉన్నప్పుడు గాలి దారి దాదాపు మూసి ఉంటుంది గనుక ఇన్‌టేక్ గొట్టంలో పీడనం బయటికంటే బాగా తగ్గుతుంది. దీన్నే మెకానిక్కులు వాక్యూం అంటారు. ఆ వాక్యూం రబ్బరు గొట్టం గుండా, బ్రేకు పెడల్ ఎదురుగా ఇంజను గదిలో ఉండే గుండ్రటి రేకు డబ్బాకు చేరుతుంది. అదే బూస్టరు.

డబ్బా మధ్యలో రబ్బరు పొర ఉంటుంది. కాలు తీసి ఉన్నప్పుడు పొరకు రెండు వైపులా వాక్యూమే. పెడల్ తొక్కగానే ఒక వైపు బయటి గాలి చొరబడుతుంది. ఆ గాలి పొరను ముందుకు నెడుతుంది. మన కాలికి అదే తోడు.

పొర చిరిగితే తోడు పోతుంది, పెడల్ బిగుస్తుంది. అంతటితో ఆగదు. తొక్కినప్పుడల్లా బయటి గాలి చిరుగు గుండా ఇంజనులోకి దూరుతుంది. ఉన్న పెట్రోలుకు మించి గాలి చేరితే స్లోలో ఉన్న ఇంజను తట్టుకోలేదు, ఆగిపోతుంది.

మూడు పరీక్షలు

బండిని చదును నేలమీద నిలిపి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు పెట్టాలి.

ఒకటి: ఇంజను ఆపి పెడల్‌ను అయిదారుసార్లు తొక్కండి. పెడల్ గట్టిపడుతుంది. కాలు అలాగే ఉంచి ఇంజను స్టార్టు చేయండి. పెడల్ కొద్దిగా కిందికి దిగితే బూస్టరు పనిచేస్తున్నట్టు. కదలకపోతే వాక్యూం అందడం లేదు, లేదా బూస్టరు పోయింది.

రెండు: ఇంజను ఒకటి రెండు నిమిషాలు నడిపి ఆపండి. కాసేపాగి పెడల్ తొక్కండి. మొదటిసారి లోతుగా దిగి, తర్వాత ఒక్కొక్కసారికి పైనే ఆగాలి. మొదటి తొక్కుడుకే గట్టిగా ఉంటే వాక్యూం నిలవడం లేదని అర్థం.

మూడు: ఇంజను నడుస్తుండగా పెడల్ తొక్కి పట్టి, ఇంజను ఆపి, అర నిమిషం అలాగే ఉంచండి. పెడల్ కాలిని పైకి నెడితే ఎక్కడో లీకు ఉన్నట్టే.

గుర్తును బట్టి రోగం

తొక్కినప్పుడు మాత్రమే ఇంజను వణికి, కాలి దగ్గర ‘సుయ్’మని వినిపిస్తే బూస్టరునే అనుమానించాలి. కాలు తీసినా ఇంజను వణుకుతూనే ఉంటే గొట్టం పగులును, క్లిప్పుల వదులును చూడాలి. ఇంజను వేడికి రబ్బరు ఎండి, వంపుల దగ్గర బీటలు పడుతుంది.

ఇంజను స్లోలో ఉండగా గొట్టాన్ని బూస్టరు దగ్గర మెల్లగా నొక్కి మూసినప్పుడు వణుకు తగ్గితే, లీకు బూస్టరు వైపే ఉంది. గొట్టానికుండే ఒకవైపు వాల్వును ఊడదీసి ఊదితే గాలి బూస్టరు వైపు నుంచి ఇంజను వైపుకే పోవాలి. రెండు వైపులా పోతే అది పాడైనట్టే.

తొక్కకున్నా ఇంజను తనంతట తానే ఆగిపోయి, తర్వాత ఒకటి రెండు తొక్కుళ్లకు బ్రేకు గట్టిపడితే బూస్టరు తప్పు లేదు. పెట్రోలు ఫిల్టరు, స్లో జెట్టు, ఇగ్నిషన్ చూడాలి. పెడల్ మెత్తగా నేలదాకా దిగితే అది మరో రోగం: బ్రేకు ఆయిల్ కారుతోంది, లేదా లైనులో గాలి చేరింది. ఆ బండిని కదిలించరాదు.

వాక్యూం మీటరుతో చూసే వారికి ఒక మాట. సముద్రమట్టం దగ్గర మంచి ఇంజను స్లోలో 18 నుంచి 20 అంగుళాలు చూపుతుంది. శంషాబాద్ విమానాశ్రయం 617 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ రెండు అంగుళాలు తక్కువ చూపితే ఇంజను పాడైందని కంగారు పడనక్కరలేదు. డీజిలు కార్లలో వాక్యూం కోసం వేరే పంపు ఉంటుంది గనుక అక్కడ ఆ పంపును కూడా చూడాలి.

చేయరాని పనులు

గొట్టం పీకి మేకుతోనో బోల్టుతోనో బిగించి నడిపేవారున్నారు. ఇంజను చక్కగా నడుస్తుంది. మెకానిక్కు గెలిచినట్టే కనిపిస్తాడు. కానీ బ్రేకుకు తోడు పోయింది. ఇంట్లో మరొకరు ఆ కారు తీసుకుని పోతే వారికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? లీకు వెతకడానికి వేడి ఇంజను మీద పెట్రోలు చల్లడం మరీ ప్రమాదం. ఫ్లైఓవరు వాలులో పెట్రోలు ఆదా అని ఇంజను ఆపి దిగడం కూడా మానుకోవాలి. బూస్టరులో మిగిలే వాక్యూం ఒకటి రెండు తొక్కుళ్లకే సరిపోతుంది.

దారిలో ఇంజను ఆగిపోతే బ్రేకును పదేపదే కొట్టవద్దు. ఒక్కసారి గట్టిగా తొక్కి అలాగే పట్టాలి. అవసరమైతే రెండు కాళ్లూ వాడాలి. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా లాగుతూ ఎడమకు తీయాలి. తాళంచెవి తీయరాదు, తీస్తే స్టీరింగు బిగుసుకోవచ్చు.

ఈ పరీక్షలన్నీ కలిపి పది నిమిషాల పని. విమానం ఎప్పుడు దిగుతుందో కనుక్కునే ముందు, ఇంటి ముందే పెడల్ మీద ఒకసారి కాలు వేసి చూడండి.