బ్యాటరీ ట్రాలీ ఆటో కదలకపోతే: కంట్రోలర్ మార్చే ముందు చూసుకోవలసినవి

తెల్లవారుజామున కూరగాయలు ఎక్కించుకుని రైతు బజారుకు బయల్దేరారు. దారిలో బండి ఆగింది. తాళం తిప్పితే మీటరు వెలుగుతోంది, హారన్ మోగుతోంది, యాక్సిలేటరు తిప్పితే మాత్రం చక్రం కదలదు. మెకానిక్‌ను పిలిస్తే మొదట వినిపించే మాట "కంట్రోలర్ పోయింది" అని. కొత్తది వేయిస్తే వేలల్లో ఖర్చు. అది వేసినా బండి కదలకపోతే ఆ డబ్బు వృథా.

కంట్రోలర్ పోవడం ఉంటుంది, కాదనలేం. కానీ బ్రేకు స్విచ్చి ఇరుక్కుపోయినా, యాక్సిలేటరు వైరు తెగినా, బ్యాటరీ దగ్గర లగ్గు వదులైనా బండి సరిగ్గా ఇలాగే మొండికేస్తుంది. వీటిని కొన్ని వందల రూపాయల మల్టీమీటరుతో మీరే చూసుకోవచ్చు. ఇక్కడ చెప్పే లెక్కలు 12 వోల్టుల యాసిడ్ బ్యాటరీలు నాలుగు కలిపిన 48 వోల్టుల బండికి, బీఎల్‌డీసీ మోటారుకు వర్తిస్తాయి. వారంటీలో ఉన్న బండి అయితే కొలిచి చూడండి గానీ వైర్లు కోయకండి, పెట్టె విప్పకండి.

ముందు జాగ్రత్త

48 వోల్టులే కదా, షాకు కొట్టదులే అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఇక్కడ ప్రమాదం షాకు కంటే మంటతోనే ఎక్కువ. స్పానర్ పొరపాటున బ్యాటరీ రెండు టెర్మినళ్లకూ తగిలితే వందల ఆంప్స్ ప్రవహించి ఇనుము ఎర్రగా కాలుతుంది. చేతి ఉంగరం, కడియం, వాచీ తీసి పక్కన పెట్టండి. చార్జింగ్ సమయంలో యాసిడ్ బ్యాటరీల నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల వద్దు. వైర్లు విప్పేటప్పుడు ముందు బ్యాటరీ నెగటివ్ తీయండి. యాక్సిలేటరు తిప్పి చూడాల్సిన పరీక్ష ఏదైనా వెనుక చక్రాలు రెండూ జాకీతో లేపి, కింద గట్టి చెక్క దిమ్మలు పెట్టాకే చేయండి. చిన్నపిల్లలను దగ్గరకు రానివ్వకండి.

ఏ వైరు దేనికి

లావుపాటి ఎరుపు, నలుపు వైర్లు బ్యాటరీ నుంచి వస్తాయి. లావుపాటి పసుపు, ఆకుపచ్చ, నీలం వైర్లు మోటారుకు వెళ్తాయి. వీటిని ఫేజ్ వైర్లంటారు. అయిదు సన్నని వైర్ల కనెక్టరు మోటారులోని హాల్ సెన్సార్లది. చక్రం ఏ స్థితిలో ఉందో కంట్రోలర్‌కు చెప్పేది అదే. మూడు వైర్ల కనెక్టరు యాక్సిలేటరుది. ఇవి కాక తాళం వైరు, బ్రేకు వైరు, రివర్స్ వైరు ఉంటాయి. తాళం వైరును చాలామంది పట్టించుకోరు. లావు వైర్లలో కరెంటు ఉన్నా, ఈ సన్నని వైరుకు బ్యాటరీ వోల్టేజీ అందేదాకా కంట్రోలర్ నిద్ర లేవదు. రంగులు కంపెనీని బట్టి మారతాయి. పెట్టె మీద అతికించిన పటం ఏం చెబితే అదే నమ్మండి.

ఎక్కడ మొదలుపెట్టాలి

మీటరు తీయకముందే బండి వెనక్కి వెళ్లి బ్రేకు లైటు చూడండి. బ్రేకు నొక్కకుండానే లైటు వెలుగుతుంటే స్విచ్చి ఇరుక్కుంది. బ్రేకు వేశారనుకుని కంట్రోలర్ మోటారుకు కరెంటు ఆపేస్తుంది. బురదలో తిరిగే బండ్లలో ఇది మామూలు తప్పే. స్విచ్చి శుభ్రం చేసి, లివరు పూర్తిగా వెనక్కి వస్తోందో లేదో చూడండి.

తరువాత బ్యాటరీలు. నిండుగా చార్జయి, కొంతసేపు ఆగి ఉన్న బ్యాటరీ ఒక్కోటి 12.7 వోల్టుల దగ్గర, నాలుగూ కలిపి దాదాపు 51 వోల్టులు చూపాలి. అయితే నిలబడి ఉన్న బండిలో ఈ అంకె చూసి బ్యాటరీలు బాగున్నాయనుకోకూడదు. బరువుతో కదిలేటప్పుడు ఒక్కో బ్యాటరీని విడిగా కొలవాలి. ఇంకొకరు మెల్లగా నడుపుతుంటే మీరు పక్కన కూర్చుని చూడవచ్చు. మూడు 12 వోల్టుల దగ్గర నిలబడి, నాలుగోది 10కి పడిపోతే తప్పు దానిదే. 48 వోల్టుల కంట్రోలర్లు సాధారణంగా 42 వోల్టుల దగ్గర బండిని ఆపేస్తాయి. ఖాళీ బండి నడిచి, లోడు వేస్తే గట్టు ఎక్కేటప్పుడు ఆగిపోతోందంటే ముందు ఇదే అనుమానించండి. లిథియం బ్యాటరీ అయితే దానిలోని బీఎంఎస్ ఒక్కసారిగా మొత్తం కరెంటు కట్ చేస్తుంది, మీటరు కూడా ఆరిపోతుంది.

వదులు లగ్గు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఎత్తు ఎక్కేటప్పుడు 40 ఆంప్స్ ప్రవహిస్తోందనుకోండి. తుప్పు పట్టిన ఒక్క లగ్గు దగ్గర 2 వోల్టులు పోయినా అక్కడ 80 వాట్ల వేడి పుడుతుంది. అంటే టంకం పెట్టే ఐరన్‌ను ఆ వైరుకు ఆనించి నడిపినట్టే. అందుకే ప్లాస్టిక్ కరుగుతుంది, మాడిన వాసన వస్తుంది. కొంతదూరం నడిపి ఆపి, తాళం తీసి, లగ్గుల దగ్గర, ఎంసీబీ దగ్గర చేతి వెనుక భాగం దగ్గరగా పెట్టి చూడండి. మిగతావాటికన్నా వేడిగా ఉన్నదే తప్పు చోటు. వైరు మెలిపెట్టి టేపు చుట్టడం వద్దు, కొత్త లగ్గు నొక్కించి బిగించండి. ఎంసీబీ మార్చాల్సి వస్తే డీసీది అడిగి తీసుకోండి. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ డీసీ నిప్పురవ్వను సరిగా ఆర్పలేదు.

అయిదు వోల్టుల పరీక్ష

మీటరును 20 వోల్టుల డీసీలో పెట్టి, తాళం వేసి, యాక్సిలేటరు కనెక్టరులో ఎరుపు, నలుపు మధ్య చూడండి. దాదాపు 5 వోల్టులు రావాలి. రాకపోతే తాళం వైరుకు కరెంటు అందుతోందా అని చూడండి. అందుతోంటే ముందు యాక్సిలేటరు, ఆ తరువాత హాల్ కనెక్టరు ఒక్కొక్కటిగా ఊడదీయండి. దేన్ని తీసినప్పుడు 5 వోల్టులు తిరిగి వస్తే అందులోనే షార్టు ఉంది, కంట్రోలర్ బాగానే ఉంది. రెండూ తీసినా రాకపోతే అప్పుడు కంట్రోలర్‌ను అనుమానించాలి.

5 వోల్టులు ఉంటే మూడో వైరు చూడండి. యాక్సిలేటరు వదిలేసినప్పుడు 0.8 వోల్టుల అటూ ఇటూ ఉండి, తిప్పేకొద్దీ మెల్లగా 3.5 దాటి పెరగాలి. వదిలేసినా ఎక్కువే చూపితే, బండి తనంతట తాను ఉరకకుండా కంట్రోలర్ మొరాయిస్తుంది. యాక్సిలేటరు మారిస్తే సరిపోతుంది.

బండి కదలబోయి గుర్రుమంటూ వణికితే హాల్ సెన్సార్లు చూడాలి. కనెక్టరు ఊడదీయకుండా, తాళం వేసి, నలుపుకూ ఒక్కో రంగు వైరుకూ మధ్య కొలుస్తూ బండిని చేత్తో మెల్లగా తోయించండి. మూడింటిలోనూ వోల్టేజీ సున్నాకూ అయిదుకూ మధ్య మారుతుండాలి. ఒకటి కదలకుండా ఉంటే ఆ సెన్సారో, దాని వైరో పోయినట్టు.

చివరగా, బ్యాటరీ విప్పి, మోటారు ఫేజ్ వైర్లు మూడూ కంట్రోలర్ నుంచి తీసి, చివర్లు ఒకదానికొకటి తగలకుండా ఉంచి బండిని తోయండి. ఇప్పుడు సులువుగా కదిలి, వైర్లు తగిలించగానే పట్టేసినట్టు అయితే కంట్రోలర్ లోపల షార్టు అయింది. వైర్లు తీసినా పట్టేస్తుంటే, బ్రేకులు పట్టలేదని చూసుకున్నాక, మోటారునే విప్పి చూడాలి.

కొత్తది వేసేటప్పుడు

పాతదాని మీద ఉన్న వోల్టులు, ఆంప్స్ రాసుకుని దుకాణానికి వెళ్లండి. రంగుకు రంగు కలిపినంత మాత్రాన మోటారు సరిగా తిరుగుతుందని లేదు. ఫేజ్, హాల్ వైర్లను 36 రకాలుగా కలపవచ్చు. అందులో మూడు మాత్రమే నున్నగా ముందుకు తిప్పుతాయి, మరో మూడు వెనక్కి. సెల్ఫ్ లెర్నింగ్ వైర్లున్న కంట్రోలర్ తీసుకుంటే అదే వెతుక్కుంటుంది. చక్రాలు లేపి ఉంచి ఆ రెండు వైర్లు కలపండి, చక్రం నున్నగా తిరిగాక విడదీయండి. వెనక్కి తిరిగితే మళ్లీ ఒకసారి కలపండి. వణుకుతూ గుర్రుమంటుంటే యాక్సిలేటరు పట్టుకుని ఉండకండి, క్షణాల్లో కాలిపోతుంది.

బ్యాటరీ చివరి వైరు తగిలించేటప్పుడు పెద్ద నిప్పురవ్వ వస్తుంది, లోపలి కెపాసిటర్లు ఒక్కసారిగా నిండడం వల్ల. తాళం తీసి ఉంచి, ఆ ఖాళీలో పాతకాలపు 60 వాట్ల ఫిలమెంట్ బల్బును రెండు మూడు సెకన్లు ఆనించి, తరువాత వైరు బిగిస్తే రవ్వ రాదు. కంట్రోలర్‌ను వైర్లు కిందికి వేలాడేలా బిగించండి, నీరు కనెక్టరులోకి కాకుండా నేలకు జారిపోతుంది. పొలం నుంచి వచ్చాక బురద కడగాలంటే ఆ పెట్టె వైపు ప్రెజర్ పంపు పెట్టకుండా తడిగుడ్డతో తుడవండి.