పద్మనాభుని సన్నిధిలో మూడు ప్రశ్నలు



సుమారు నలభై సంవత్సరాల క్రిందటి మాట. తాండూరులో ఒక ఆలయ మండపంలో కార్తికమాసమంతా నేను భాగవత ప్రవచనం చేస్తున్నాను. నాపరాళ్ళ గనులలో పగలంతా శ్రమించి, సాయంకాలం కాళ్ళు కడుక్కొని వచ్చిన కార్మికులు, కందుల వ్యాపారులు, చుట్టుపక్కల పల్లెల రైతులు నా శ్రోతలు. ఆనాటి ఘట్టం బ్రహ్మదేవుని జననం. ప్రళయజలాలపై శేషశయ్య, స్వామి యోగనిద్ర, నాభి నుండి వెలువడిన పద్మం, అందులో చతుర్ముఖుడు. నాకు చేతనైనంత రమణీయంగా వర్ణించి పురాణ గ్రంథాన్ని మూయబోతుండగా, ముందు వరుసలో పదేళ్ళ బాలుడొకడు లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, తామరపువ్వు నీళ్లల్ల పుట్టింది, బాగనే ఉంది. మరి ఆ నీళ్లను ఎవలు పుట్టిచ్చిండ్రు? మా నాయిన గనిల పనిచేస్తడు. ఒక బండ తీస్తే దాని కింద ఇంకో బండ ఉంటది. ఆఖరి బండ కింద ఏముంటది?"

సభలో కొందరు నవ్వారు. నాకు కోపం వచ్చింది. "భగవంతుని కథలలో ఎదురు ప్రశ్నలు వేయరాదు. కూర్చో" అని గద్దించాను. బాలుడు తల వంచుకొని కూర్చున్నాడు. మరునాడు అతని తండ్రి ఒక్కడే వచ్చాడు. పిల్లవాడు ఏడీ అని నేను అడగలేదు. ఆ కార్తికం ముగిసేవరకు ఆ బాలుడు మళ్ళీ మండపంలో కనిపించలేదు.

నిజం చెప్పవలెనంటే, ఆ క్షణంలో నావద్ద సమాధానం సిద్ధంగా లేదు. నా కోపం ఆ లోటును కప్పిన దుప్పటి మాత్రమే. తరువాత గ్రంథాలు తిరగవేయగా ఆ ప్రశ్నకు భాగవతంలోనే స్థానమున్నదని తెలిసింది. ఆ బాలునికి నాడు చెప్పవలసినది నేడు ఈ పత్రిక ద్వారా నివేదించుకుంటున్నాను.

ముందుగా ఒక మాట. మన పురాణాలలో సృష్టికథ ఒక్కటి కాదు. పద్మం నుండి బ్రహ్మ పుట్టినట్లు భాగవతం చెబుతుంది. బంగారు అండంలో బ్రహ్మ ఒక సంవత్సరం వసించి, దానిని రెండుగా చేయగా ఒకటి స్వర్గమూ మరొకటి భూమీ అయినవని మనుస్మృతి చెబుతుంది. విరాట్పురుషుని యజ్ఞం నుండి సమస్తమూ కలిగినదని ఋగ్వేదంలోని పురుషసూక్తం కీర్తిస్తుంది. ఇవి పరస్పరం పొసగవని కొందరు యాత్రికులు ఇప్పటికీ నాతో అంటుంటారు. ఈ సందేహం మన పూర్వులకు కొత్తది కాదు. పురాణానికి ఐదు లక్షణాలు చెప్పినప్పుడు వారు మొదట సర్గను, వెంటనే ప్రతిసర్గను వేర్వేరుగా పేర్కొన్నారు. సర్గ అంటే మూలసృష్టి. ప్రతిసర్గ అంటే ప్రళయం తరువాత మరల జరిగే సృష్టి. కథ వినేటప్పుడు ఇది ఏ సృష్టికి చెందినదని గుర్తించితే చాలా చిక్కులు వాటంతటవే విడిపోతాయి.

కాలగణన తెలిస్తే ఇది మరింత సులభం. కలియుగ పరిమాణం 4,32,000 సంవత్సరాలు. నాలుగు యుగాలు కలిసి ఒక మహాయుగం, అనగా 43,20,000 సంవత్సరాలు. అటువంటివి వేయి గడిస్తే బ్రహ్మకు ఒక పగలు. దానినే కల్పమంటారు. దాని పరిమాణం 432 కోట్ల సంవత్సరాలు. అంతే ప్రమాణంగల రాత్రిలో లోకాలు లయమై నీరు మాత్రమే మిగులుతుంది. దీనిని నైమిత్తిక ప్రళయమంటారు. తెల్లవారితే మరల సృష్టి. ఇట్టి దినరాత్రాలతో నూరేళ్ళు బ్రహ్మకు ఆయుర్దాయం. అందులో సగాన్ని పరార్ధమంటారు.

ఇదంతా గ్రంథాలలోనే ఉండిపోయిన లెక్క కాదు. మీరు గోత్రనామాలు చెప్పుకొని అర్చన చేయించేటప్పుడు అర్చకుడు చెప్పే సంకల్పాన్ని ఒకసారి శ్రద్ధగా వినండి. అందులో బ్రహ్మకు రెండవ పరార్ధం నడుస్తున్నదని, ఇది శ్వేతవరాహ కల్పమని, ఏడవదైన వైవస్వత మన్వంతరమని, కలియుగంలో మొదటి పాదమని వస్తుంది. అటుపై మన తాండూరు ప్రాంతం శ్రీశైలానికి వాయవ్యంగా, కృష్ణా గోదావరుల నడుమ ఉన్నదని వస్తుంది. చివరికి మీ గోత్రం, మీ పేరు. బ్రహ్మ వయస్సు నుండి మొదలై మీ పిల్లవాని నక్షత్రం దాకా ఒక్క వాక్యంలో చేరుతుంది. సృష్టికథ చివర మీ ఇంటి పేరు కూడా ఉన్నది.

ఇప్పుడు ఆ బాలుని ప్రశ్నకు వద్దాం. పద్మం పుట్టిన నీళ్ళు ఎక్కడివి?

తైత్తిరీయోపనిషత్తు చెప్పిన క్రమంలో ఆత్మ నుండి ఆకాశం, ఆకాశం నుండి వాయువు, వాయువు నుండి అగ్ని, అగ్ని నుండి జలం, జలం నుండి పృథివి కలిగినవి. ఆ వరుసలో నీటిది నాలుగవ స్థానం. నీరు కూడ పుట్టినదే. అట్లయితే నీటితో ఆరంభమయ్యే కథ మొట్టమొదటి సృష్టి కథ కాజాలదు. బాలుడు పట్టుకున్నది సరిగ్గా ఈ సందునే. సమాధానం భాగవత తృతీయ స్కంధంలోనే ఉంది. మొదటి పరార్ధం ఆరంభంలో వచ్చినది బ్రాహ్మకల్పం. ఆ పరార్ధం చివర వచ్చినది పాద్మకల్పం. శ్రీహరి నాభిసరస్సు నుండి లోకపద్మం వెలువడినది ఆ పాద్మకల్పంలో. ఇప్పుడు మనమున్నది దాని తరువాతి వరాహకల్పం. కనుక పద్మం పుట్టిన ఆ నీళ్ళు అంతకుముందు కల్పం లయమైనప్పుడు మిగిలిన నీళ్ళు.

ఒక బండ కింద ఇంకొక బండ ఉన్నట్లే ఒక కల్పం కింద ఇంకొక కల్పం. గనిలో తండ్రి పనిని చూసిన పిల్లవాడు, వ్యాకరణం పన్నెండేళ్ళు చదివిన నాకన్న ముందుగా ప్రతిసర్గను గ్రహించాడు. మన ఆలయ ప్రాంగణంలో మీరు ప్రదక్షిణ చేసే నాపరాళ్ళు కూడ ఏనాటిదో సముద్రం అడుగున పొర మీద పొరగా పేరుకొని రాయిగా మారినవేనని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. పురాణానికి ఇది సాక్ష్యమని నేననను. ఆ బాలుని ఉపమానం ఎంత లోతైనదో తెలియడానికి మాత్రం చెబుతున్నాను.

మరి ఆఖరి బండ కింద ఏమున్నది? ఇక్కడ ఋగ్వేదం దశమ మండలంలోని 129వ సూక్తాన్ని స్మరించాలి. నాసదీయసూక్తమని దానికి ప్రసిద్ధి. ఏడు ఋక్కులు. సృష్టికి పూర్వం ఉన్నదనీ లేదు, లేనిదనీ లేదు అని ఆరంభించి, అప్పుడు నీళ్ళుండెనా అని ఆ ఋషి అడుగుతాడు. ఇది ఎక్కడి నుండి వచ్చినదో ఎవరికి తెలుసు, దేవతలు కూడ తరువాత వచ్చినవారే కదా అంటాడు. పరమాకాశంలో ఉండి దీనిని చూస్తున్న అధ్యక్షునికి తెలిసి ఉండవచ్చు, లేక ఆయనకును తెలియదేమో అని ముగిస్తాడు. వేదం ఇట్లు ప్రశ్నతో ముగిసిన చోట, పదేళ్ళ పిల్లవాడు అదే ప్రశ్న అడిగితే నేను గద్దించాను. తప్పు నాది.

ఈ సంగతి నాకు స్పష్టంగా తెలిసినది అనంతగిరిలో. తాండూరు నుండి రైలులో వికారాబాదు చేరి, అక్కడి నుండి కొద్దిదూరం అడవిదారిలో కొండ ఎక్కితే అనంతపద్మనాభస్వామి ఆలయం. ఏటేటా వెళ్ళి దర్శించుకొనే క్షేత్రమే. ఒక సంవత్సరం పుష్కరిణి మెట్లపై కూర్చొని ఆ క్షేత్రంతో ముడిపడిన వారిని ఒక్కొక్కరినే తలచుకున్నాను. ముగ్గురు గుర్తుకు వచ్చారు. ముగ్గురూ అడిగినవారే.

మొదటివాడు బ్రహ్మ. స్వామికి పద్మనాభుడని పేరు రావడమే ఆయన జననం వల్ల. పద్మంలో కన్ను తెరిచిన బ్రహ్మ మొదట చేసిన పని సృష్టి కాదు. 'నేనెవరు? ఈ పద్మం దేని నుండి పుట్టింది?' అని అడగడం. తామరతూడులోనికి దిగి మూలం కోసం ఎంతో కాలం వెదకి, కానక తిరిగి వచ్చాడు. ద్వితీయ స్కంధం ప్రకారం అప్పుడు ఆయనకు జలాల నుండి రెండు అక్షరాలు వినిపించాయి. క నుండి లెక్కించితే పదునారవది త, ఇరువది యొకటవది ప. తప అనగా తపించుమని. వేయి దివ్య సంవత్సరాలు తపస్సు చేసిన మీదట ఆయనకు భగవద్దర్శనమైనది. సృష్టి ఆ తరువాతి మాట. అడగకుండా ఉంటే ఆ రెండక్షరాలు వినబడేవా?

రెండవవాడు మార్కండేయుడు. ఆ మహర్షి అనంతగిరిపై తపస్సు చేశాడని, స్వామి సాలగ్రామరూపంలో ఆయనను అనుగ్రహించాడని స్థలపురాణం. భాగవతం ద్వాదశ స్కంధంలో స్వామి ప్రత్యక్షమై వరం కోరుకొమ్మంటే, ఆయన 'నీ మాయను చూడగోరుచున్నాను' అన్నాడు. ఆ తరువాత ఒకనాడు ప్రళయం ముంచెత్తింది. ఆ మహాజలాలలో దిక్కుతోచక తిరిగి తిరిగి, మర్రి ఆకుపై కాలి బొటనవ్రేలు నోట పెట్టుకొన్న శిశువును చూశాడు. శ్వాసతో పాటు ఆ శిశువు ఉదరంలో ప్రవేశించి సమస్త విశ్వాన్ని అక్కడ కన్నాడు. మరల శ్వాసతో వెలికి వచ్చాడు. సృష్టి అనే మాటలోని సృజ్ ధాతువుకు విడుచుట అని అర్థం. లోపల ఉన్నదానిని వెలికి విడువడమే సృష్టి, మరల లోనికి తీసుకొనడమే లయం. ఈ ధాత్వర్థాన్ని నేను పుస్తకంలో చదివాను. మార్కండేయుడు శిశువు ఊపిరిలో చూశాడు.

మూడవవాడు ముచుకుందుడు. ఇక్ష్వాకు వంశంలో మాంధాత కుమారుడు. దేవతల పక్షాన అసురులతో దీర్ఘకాలం పోరాడి అలసి, నిద్రను వరంగా పొందిన రాజు. నిద్రాభంగం చేసినవాడు అతని చూపు పడినంతనే భస్మమవుతాడు. శ్రీకృష్ణుని తరుముతూ గుహలో ప్రవేశించిన కాలయవనుడు ఆ రాజును కృష్ణుడనుకొని కాలితో తన్ని, అట్లే భస్మమైనాడు. అప్పుడు గుహలో వెలుగు నిండగా ముచుకుందుడు 'మీరెవరు?' అని అడిగాడు. స్వామి కోపించలేదు. నా జన్మకర్మలను లెక్కించడం ఎవరి తరమూ కాదని చెప్పి, ఈ అవతార కారణాన్ని ఓపికగా వివరించాడు.

ఆ గుహ అనంతగిరిలోనిదేనని, ముచుకుందుడు స్వామి పాదాలు కడిగిన నీరే ముచుకుందా నదిగా, అనగా మూసీగా ప్రవహించినదని ఇక్కడి ఐతిహ్యం. భాగవతంలో ముచుకుందుడు తరువాత గంధమాదనానికి వెళ్ళి బదరికాశ్రమంలో తపస్సు చేశాడని ఉంది. దేశంలో ఆయన గుహ తమదేనని చెప్పుకొనే ఊళ్ళు మరికొన్ని ఉన్నాయి. దీనికి చింతించనక్కర లేదు. గ్రంథం రాజు వెళ్ళిన దారి చెబుతుంది. స్థలపురాణం మన ఊరి నీటికి పవిత్రత ఎక్కడిదో చెబుతుంది. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ తూర్పుగా సాగి, హైదరాబాదు మీదుగా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. ఆ కొండలలోనే పుట్టిన కాగ్నా పడమరగా మన తాండూరు మీదుగా కర్ణాటకలో ప్రవేశించి భీమలో కలిసి, భీమతో పాటు అదే కృష్ణను చేరుతుంది. ఒక కొండపై పుట్టి ఎదురెదురు దిక్కులకు పోయిన ఈ రెండు నదులను చూసినప్పుడు సృష్టికథల భేదం నన్నిక బాధించదు.

యాత్రికులకు, దాతలకు నా విన్నపం ఒకటే. పిల్లలను ఆలయానికి తీసుకొని రండి. సంకల్పం చెప్పేటప్పుడు దాని అర్థం వారికి చెప్పమని అర్చకుని అడగండి. వారు ప్రశ్న అడిగితే నవ్వవద్దు, గద్దించవద్దు. తెలిసినది చెప్పండి. తెలియకపోతే తెలియదని చెప్పి, పెద్దలను కలిసి అడుగుదామని చెప్పండి. ప్రవచనం చేసే నావంటివారికి కూడ ఇదే విన్నపం. ప్రవచనం ముగిసిన తరువాత పావుగంట సమయం ప్రశ్నలకు కేటాయించడం నేను అనంతగిరి నుండి తిరిగి వచ్చిన నాటినుండి పాటిస్తున్న నియమం. చాలా రోజులు ఎవరూ అడగరు. అయినా కూర్చొని ఉంటాను.

ఆ బాలునికి ఇప్పుడు యాభై ఏళ్ళుండవచ్చు. అతనికి పిల్లలుండవచ్చు. నాయనా, నీవు ఈ పత్రిక చదివితే ఒక మాట. ఆ నీళ్ళు అంతకు ముందటి కల్పానివి. ఆఖరి బండ కింద ఏమున్నదో నాకు తెలియదు. వేదఋషి కూడ అక్కడ ప్రశ్నతోనే ఆగాడు. నీవు అడిగినది సరియైన ప్రశ్న. ప్రవచనం రోజున నీ పిల్లలను వెంటబెట్టుకొని రా. ముందు వరుసలో చోటుంచుతాను.

శ్రీ అనంతపద్మనాభస్వామి అందరినీ అనుగ్రహించుగాక. స్వస్తి.