ఆ దారి నిండా రాళ్లెందుకు?

అమెరికాలో అపలాచియన్ ట్రెయిల్ అనే కాలిబాట ఉంది. జార్జియాలో మొదలై 14 రాష్ట్రాల మీదుగా మెయిన్ దాకా, దాదాపు 3,500 కిలోమీటర్లు. గుడారం, తిండి వీపున మోసుకుంటూ పిల్లలతో సహా నడిచే కుటుంబాలూ ఉన్నాయి. పెన్సిల్వేనియాలో ఈ బాట ఉత్తర భాగానికి వచ్చేసరికి మాత్రం అందరూ ఉసూరుమంటారు. కాలు పెడదామంటే మట్టి కనబడదు. ఎటు చూసినా కోసుగా లేచిన రాళ్లే!

ఇన్ని రాళ్లు ఎవరు పోశారు? మంచు. సుమారు 20 వేల ఏళ్ల కిందటి హిమయుగంలో పెద్ద మంచుపలక అంచు ఆ దగ్గర్లోనే ఆగింది. కొండ నెత్తిమీది గట్టి ఇసుకరాతి పగుళ్లలోకి నీళ్లు దిగి గడ్డకట్టేవి. గడ్డకడితే నీరు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. నిండు సీసాను ఫ్రీజర్‌లో మరిచిపోయి అమ్మచేత తిట్లు తిన్నవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. అలా గడ్డకడుతూ, కరుగుతూ వేల ఏళ్లు గడిచాయి, కొండ ముక్కలైంది. మెత్తని రాయైతే ఎప్పుడో అరిగి ఇసుకైపోయేది. ఇది మొండిఘటం.

మట్టిదారిలో కాలు దానంతటదే పడుతుంది. ఇక్కడ అడుగడుగుకీ చోటు వెతకాలి. రాయి ఊగుతుంది, చీలమండ మెలిపడబోతుంది, పిక్క బిగుసుకుని ఆపుతుంది. వీపున బరువుంటే గరిమనాభి (బరువంతా కేంద్రీకరించినట్టుండే చోటు) పైకీ వెనక్కీ జరిగి, కాస్త ఒరిగినా తూలిపోతాం. అందుకే బరువైన సామాను వెన్నుకు ఆనేలా సర్దుతారు. పైగా నాన్న ఒక్క అంగలో దాటే రాయిని చిన్నవాడు చేతులు ఆనించి ఎక్కి, కూర్చుని జారాలి. పొద్దున వేసుకున్న కిలోమీటర్ల లెక్క మధ్యాహ్నానికే తప్పుతుంది.